ఎనిమిది బెజ్జాలు

మధ్యాన్నం మూడింటికి గంగపట్నం శీనయ్య
బండి మీంచి దించి బల్ల మీద పడేశాడు ఫ్లాంజిని.
"బోల్టు పట్టడంలా సామీ. రెండు దిగినాయి, మూడోది మొండికేసింది,
నాలుగోది లొడలొడ.
తెల్లారుజామున గాలి చాలక రొయ్య పైకి తేలిందంటే
దాంతో పాటు నేనూ తేలతా."

వెర్నియర్ పెట్టి చూశాను.
పదిన్నర ఉండాల్సిన చోట పదకొండు మీద రెండు గీతలు.
బెజ్జం గుండ్రంగా కూడా లేదు,
నిద్ర చాలని కన్నులా ఓ పక్కకి లాగి ఉంది.

హజరత్తయ్య ముందు ఇనుమును తిట్టాడు.
"పాత సామాను కొట్టు పలక. యాడ గట్టిదో యాడ మెత్తదో
దాన్ని పోతపోసినోడికే తెలీదు."
తర్వాత కరెంటును.
తర్వాత, నా వైపు చూడకుండా, నన్ను:
"పంచి గట్టిగా కొట్టవు రమీజా.
మొనకి ఇల్లు చూపించకపోతే వీధులెంట తిరగదా?"

సరే.
పంచి మళ్ళీ కొట్టాను. చిన్న బిట్టుతో దారి వేశాను.
వైసు కింద వేళ్ళు పోనిచ్చి తడిమాను,
నిన్నటి పొట్టు ఒక్క రవ్వ ఇరుక్కున్నా పలక వాలిపోతుంది.
లేదు.
మూలమట్టం ఆనించాను. నిలువు నిలువుగానే ఉంది.
చక్కు దవడలు విప్పి కిరసనాయిల్లో కడిగాను.
కుదురు పట్టి ఊపితే కొంచెం ఆడింది,
ఆటోనగర్ పుట్టినప్పటి మిషను, ఆ మాత్రం ఆడుతుంది,
ఆ కాస్త ఆటకు ఇంత తప్పు పుట్టదు.

తుక్కు ముక్క మీద ఒక బెజ్జం వేసి చూశా.
సోపు నూనె పాలలా కారుతోంది.
అప్పుడు కనపడింది.

రెండు అంచులూ సమంగా కోస్తే
పొట్టు రెండు పాయలై లేస్తుంది,
బడికి పోయే పిల్ల జడల్లా.
ఇక్కడ ఒంటిపాయ.
రెండో వైపు ఉత్త నుసి.

బిట్టు ఊడదీసి తలుపు దగ్గర వెలుతురుకి పెట్టా.
ఒక అంచు పొడుగు, ఒకటి పొట్టి.
మొన నడిమిలో లేదు, వెంట్రుకవాసి జరిగింది.
తిరిగే దానికి వెంట్రుకవాసి రెండింతలు.

సాన పట్టేది ఆయనే.
ఆ రాయి దగ్గరికి ఇంకొకరు పోరు.
గేజి ఎందుకు అంటాడు, బొటనవేలి గోటికి ఆనించి
కంటితో చూసి కోణం చెప్పేస్తాడు.
ముప్పై ఏళ్ళు తప్పలేదు ఆ కన్ను.
టీ కొట్టులో ఇరవై అనుకుని రెండొందల నోటు ఇచ్చినప్పుడే
నాకు అర్థమై ఉండాల్సింది.

ఎట్లా చెప్పడం?
పొట్టు పాయను ఎత్తి ఆయన అరచేతిలో పెట్టా,
వేడి ఇంకా తగ్గలేదు.
"ఒకటేనా?" అన్నాడు.
"ఒకటే."
అటూ ఇటూ తిప్పాడు. వేళ్ళకు చురుక్కుమన్నా
పారెయ్యలేదు.
చాలాసేపటికి,
"గేజి నా డబ్బాలో అడుగున ఉండాది. తుప్పు పట్టుంటాది, తుడువు."

రాయి మీద నేను పట్టాను.
ఆయన పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, విన్నాడు.
"నొక్కబాక. నీలం తిరిగితే చచ్చినట్టే.
ఆ... ఇప్పుడు రెండోది తేలిక పలుకుతా ఉండాది. ఇంకొక్క తాకు."
గేజిలో పెడితే సందు లేదు.

పాత బెజ్జాలు పూడ్చే పొద్దు లేదు.
ఫ్లాంజిని ఎనిమిదో వంతు తిప్పి
తప్పుల నడుమ నడుమ కొత్తవి గీశాం.
నాలుగు సార్లూ రెండు పాయలు.
బోల్టు వేలి ఒత్తుకే దిగింది.

శీనయ్య లెక్కపెట్టుకున్నాడు.
"నాలుగు చాలు గదా, ఎనిమిదెందుకు?"
"ఆ నాలుగిటికి డబ్బులొద్దులే," అన్నాడు హజరత్తయ్య.

ఇప్పుడు రాత్రి రెండు దాటింది.
గంగపట్నం గుంటలో చక్రం నీళ్ళు కొడుతుంటుంది.
నాలుగు బెజ్జాల్లో బోల్టులు, నాలుగింట్లో చీకటి,
అన్నీ కలిసే తిరుగుతుంటాయి.

రేపు కంటి ఆస్పత్రి మాట ఎత్తాలి.
దానికి పంచి ఎక్కడ కొట్టాలో
ఇంకా తెలియడం లేదు.